యంత్రాల గొణుగుడు: వినాలా, నోరు నొక్కాలా?

"లాగు" అనగానే మీలో కొందరు ముసిముసిగా నవ్వుకుంటారని నాకు తెలుసు. మనం తొడుక్కునే లాగు సంగతి కాదిది. కంప్యూటర్ల దగ్గర వినిపించే "లాగ్" అన్న మాట ఇంగ్లీషుది. దాని అసలు అర్థం చెట్టు మొద్దు, దుంగ. చెట్టు దుంగకూ కంప్యూటరుకూ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. అది ఓడల మీదుగా వచ్చింది.

పూర్వం తెరచాప ఓడ ఎంత వేగంతో పోతున్నదో తెలుసుకోవటానికి నావికులు ఒక చెక్కముక్కకు తాడు కట్టి ఓడ వెనకాల నీళ్ళలోకి విసిరేవారు. చెక్క ఇంచుమించు పడ్డచోటే ఉండిపోతుంది. ఓడ ముందుకు సాగిపోతుంది. తాడు చుట్ట విడిపోతూ ఉంటుంది. ఆ తాడుకు సమానమైన దూరాల్లో ముడులు వేసి ఉంచేవారు. చిన్న ఇసుక గడియారం ఒకటి దగ్గర పెట్టుకుని, అందులోని ఇసుక కారిపోయే దాదాపు అర నిమిషంలో ఎన్ని ముడులు చేతి గుండా జారిపోయాయో లెక్కపెట్టేవారు. ఓడల వేగాన్ని ఈనాటికీ "నాట్"లలో, అంటే ముడుల్లో, చెప్పటం అందువల్లనే. ఆ లెక్కను వేళకు రాసిపెట్టే పుస్తకానికి "లాగ్ బుక్" అని పేరు వచ్చింది. క్రమంగా గాలి ఎటు వీస్తున్నది, వాన పడిందా, ఏ నావికుడు జబ్బుపడ్డాడు అన్నవన్నీ ఆ పుస్తకంలోకే ఎక్కాయి. తరువాత విమానాలకు, విద్యుత్తు సబ్‌స్టేషన్లకు, చిట్టచివరకు కంప్యూటర్లకు కూడా లాగ్ పుస్తకాలు వచ్చాయి. మనం దాన్ని "దినచర్య పుస్తకం" అనుకుందాం.

అయితే ఓడ పుస్తకానికీ కంప్యూటరు పుస్తకానికీ ఒక పెద్ద తేడా ఉంది. ఓడ పుస్తకం రాసేవాడు మనిషి. రాస్తే అతని చేయి నొప్పిపెడుతుంది. కాగితం అయిపోతుంది. అందుచేత రాయవలసింది ఏది, అక్కరలేనిది ఏది అని అతను ఆలోచిస్తాడు. మన రాజంపేట పక్కనే తాళ్ళపాక ఉన్నది కదా, ఆ ఊరి కవుల సంకీర్తనలను తిరుమలలో రాగిరేకుల మీద చెక్కించి భద్రపరిచారు. రాగిరేకు మీద ఒక్కొక్క అక్షరమూ ఉలితో చెక్కాలి. అంత శ్రమపడి ఎవరైనా పనికిమాలిన మాట చెక్కుతారా? మన స్టేషను మాస్టరుగారి రిజిస్టరు చూసినా అంతే. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది అన్నదే రాస్తారు. "ఇప్పుడు బండి రాలేదు, ఇప్పుడూ రాలేదు" అని నిమిషానికొకసారి రాస్తూ కూర్చోరు.

కంప్యూటరుకు చేయి నొప్పిపెట్టదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కు బడిపిల్లలకు ఎట్లా తగులుతుందో చెబుతాను. దానికి ముందు "థిన్ క్లయింట్" అంటే ఏమిటో తెలియాలి. ఇంగ్లీషు మాటను మాటకు మాట తెలుగు చేస్తే "సన్నని కక్షిదారు" అని వస్తుంది, కోర్టులో ఎవరో బక్కచిక్కిన పెద్దమనిషి నిలబడ్డట్టు! అర్థం మాత్రం తేలిక. పది మంది పిల్లలకు పది పూర్తి కంప్యూటర్లు కొనే బదులు, ఒక్క గట్టి కంప్యూటరు కొని, దానికి పది తెరలూ పది కీబోర్డులూ తగిలించటం. అసలు పని అంతా ఆ గట్టి కంప్యూటరులోనే జరుగుతుంది. దాన్ని సర్వరు అంటారు. పిల్లవాడి ముందున్న చిన్న పెట్టె అతను నొక్కిన మీటను సర్వరుకు చేరవేయటం, సర్వరు పంపిన బొమ్మను తెర మీద చూపటం తప్ప తనంతట తాను పెద్దగా ఏమీ చేయదు. ఒకే పొయ్యి మీద వండి పదిమందికి వడ్డించినట్టన్నమాట. ఖర్చు తక్కువ, కరెంటు ఖర్చూ తక్కువ. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటరు విద్య పథకం వచ్చినప్పుడు, ఒక కంప్యూటరును అనేక తెరలు పంచుకునే ఈ పద్ధతినే పెద్ద ఎత్తున వాడారు. మూలపడ్డ పాత కంప్యూటర్లను ఇట్లాంటి చిన్న పెట్టెలుగా మార్చుకోవటానికి లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు అనేది 1999 నుండీ ఉన్నది. దాన్ని డబ్బు పెట్టి కొనవలసిన పని లేదు.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో దాతలు ఇచ్చిన పాత కంప్యూటర్లతో ఇట్లాంటి గది ఒకటి ఏర్పడింది. ఒక సోమవారం ఉదయం పిల్లలు గదిలోకి వెళ్ళారు. తెరలు వెలిగాయి. పేరు అడిగింది, ఇచ్చారు. రహస్యపదం అడిగింది, ఇచ్చారు. తెర ఒకసారి నల్లబడి, మళ్ళీ పేరు అడిగింది. మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ అడిగింది. పది తెరలూ అంతే. రహస్యపదం తప్పయితే "తప్పు" అనాలి కదా? అనటం లేదు. రానివ్వటమూ లేదు.

దీన్ని బాగుచేయటానికి పిలిపించిన మెకానిక్కు పది నిమిషాలు చూసి, "అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించాలి సార్" అన్నాడు. ఈ మాట మీరు కూడా విని ఉంటారు. జ్వరం వచ్చినవాడికి జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తల తీసి కొత్త తల పెడతానన్నట్టు ఉంటుంది నాకు. పదో తరగతి పిల్లలు ఆ ఏడాదంతా చేసిన ప్రాజెక్టులు అందులో ఉన్నాయి. తుడిచేస్తే అవీ పోతాయి. కాబట్టి ఆగమన్నాము.

సర్వరు ముందు కూర్చుని చూస్తే మొదట తెలిసింది ఇది: డిస్కు నిండిపోయింది. ఒక్క అక్షరం రాసుకోవటానికి కూడా చోటు లేదు. ఎవరైనా లోపలికి రాగానే సర్వరు ఆ మనిషి పేరిట ఒక చిన్న చీటీ రాసుకోవాలి. రాసుకునే చోటు లేదు గనుక లోపలికి తీసుకున్నట్టే తీసుకుని బయటకు నెడుతున్నది. రహస్యపదం సరైనదే, అందుకే "తప్పు" అనలేదు. శనివారం సాయంత్రం దాకా బాగున్న డిస్కు ఆదివారం ఒక్కరోజులో ఎట్లా నిండింది? బడికి సెలవు, గదికి తాళం. పిల్లలెవరూ లేరు. ఏ ఫైలు లావెక్కిందా అని వెదికితే, దొరికిందెవరనుకున్నారు? దినచర్య పుస్తకం!

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక వరుస వంద అక్షరాలు అనుకుందాం. కంప్యూటరులో ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. మతి తప్పిన ప్రోగ్రాము ఒకటి సెకనుకు వెయ్యి వరుసలు రాస్తున్నదనుకుందాం. కంప్యూటరుకు ఇది గొప్ప వేగమేమీ కాదు. సెకనుకు లక్ష బైట్లు. రోజుకు 86,400 సెకన్లు. అంటే రోజుకు 864 కోట్ల బైట్లు, 8.64 గిగాబైట్లు. శనివారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయం దాకా 40 గంటలు వేసుకుంటే 14.4 గిగాబైట్లు. మీ భాషలో చెప్పాలంటే, పేజీకి 25 వరుసల చొప్పున 200 పేజీల నోటుపుస్తకం అయిదు సెకన్లకు ఒకటి నిండుతుంది. రోజుకు 17,280 నోటుపుస్తకాలు. శిక్షగా ఇంపోజిషను రాయించే మాస్టర్లు కూడా ఇంత రాయించలేరు.

ఇంత రాసింది ఏమని? ఒకే మాట. "నా తెర కనిపించటం లేదు, నా తెర కనిపించటం లేదు" అని.

పాపం, ఆ ప్రోగ్రాము చెప్పింది నిజమే. మన దగ్గర కరెంటు పోవటం కొత్త కాదు. ఆ గదిలో సర్వరుకు మాత్రం బ్యాటరీ పెట్టె ఉన్నది. పిల్లల ముందుండే చిన్న పెట్టెలకు లేదు. శనివారం సాయంత్రం కరెంటు పోయింది, తెరలన్నీ ఆరిపోయాయి. ఆ వేళకు బడి వదిలే గంట కూడా కొట్టారు, పిల్లలు సంచులు సర్దుకుని పోయారు. సర్వరు మాత్రం బ్యాటరీ మీద మేలుకునే ఉన్నది. కరెంటు రాగానే దానికి ఏమీ జరగనట్టే అయింది. కానీ ఒక పిల్లవాడు తెరిచిన బొమ్మలు గీసే ప్రోగ్రాము సర్వరులో ఇంకా బతికే ఉన్నది. తను గీసిన బొమ్మను పంపుదామంటే అవతల తెర లేదు. మంచి ప్రోగ్రామయితే రెండుసార్లు ప్రయత్నించి, తలుపు మూసుకుని వెళ్ళిపోతుంది. ఇది వెళ్ళలేదు. పంపటం, కుదరకపోవటం, కుదరలేదని దినచర్యలో రాయటం, మళ్ళీ పంపటం. రాత్రంతా, ఆదివారమంతా, ఆగకుండా.

జబ్బు తెలిసింది గదా, ఆ లావు ఫైలును చెరిపేస్తే సరిపోదా? మెకానిక్కు అదే చేశాడు. ఫైలు మాయమైంది. డిస్కు మాత్రం నిండుగానే ఉన్నది! అతను ఆశ్చర్యపోయాడు. మీరు మాత్రం ఆశ్చర్యపోనక్కరలేదు. హాజరుపట్టీలో ఒక కుర్రవాడి పేరు కొట్టేశారనుకోండి, వాడు బెంచీ మీద కూర్చునే ఉన్నాడు గదా! చోటు ఖాళీ కావాలంటే వాడు లేచి వెళ్ళాలి. లినక్సులోనూ అంతే. ఫైలు పేరు చెరిపినా, దినచర్య రాసే గుమాస్తా ప్రోగ్రాము ఆ పుస్తకాన్ని తెరిచి చేతిలో పట్టుకుని ఉన్నంతవరకు ఆ చోటు ఖాళీ కాదు. గుమాస్తాను ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. అంతకుముందు, అసలు రొద చేస్తున్న ప్రోగ్రామును ఆపాలి. ఆపకపోతే కొత్త పుస్తకమూ సాయంత్రానికి నిండుతుంది.

ఇదంతా చూసి మెకానిక్కు రెండో సలహా ఇచ్చాడు: "ఈ దినచర్య రాయటమే మానిపిస్తే పోలా? ఎవరు చదువుతారు సార్ దాన్ని?"

నేను ఈ వ్యాసం రాయటానికి కారణం ఆ ప్రశ్నే. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. నిజంగానే ఎవరూ చదవరు. చదవని పుస్తకం ఎందుకు రాయించాలి, చోటెందుకు దండగ చేయాలి అని అడిగితే సగం మంది తల ఊపుతారు. చాలా చోట్ల ఇట్లాగే నోరు నొక్కేస్తున్నారు కూడా. నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెబుతాను.

చెరిపేముందు ఆ పుస్తకంలో చివరి భాగం కొంత వేరే చోటికి తీసి పెట్టుకున్నాము. తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు దాన్ని చదువుతామని కూర్చున్నారు. లక్షల వరుసలు ఎట్లా చదువుతారు? చదవలేదు, లెక్కపెట్టారు. ఒకే రకం వరుసలన్నిటినీ ఒకచోట చేర్చి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో పక్కన వేసి చూపించే చిన్న ఆజ్ఞలు లినక్సులో ఉన్నాయి. ఒకటి వరుసలను క్రమంలో పేరుస్తుంది, రెండోది ఒకే రకంవాటిని కలిపి లెక్క చెబుతుంది. వరి, రాగి, కొర్ర కలిసిపోయిన గంపను చేటలో పోసి చెరిగినట్టే. వరుసలకు ముందుండే తేదీని, వేళను ముందుగా కత్తిరించాలి, లేకపోతే ఏ రెండు వరుసలూ ఒకటిగా కనిపించవు. ఈ సంగతి ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళే కనిపెట్టారు.

అట్లా చెరిగితే ఆ కొండంత పుస్తకంలో మిగిలిన వేరు వేరు మాటలు ఒక్క కాగితంలో పట్టాయి. మొదటి మాట పక్కన లక్షల్లో అంకె. రెండో మాట పక్కన వందల్లో. అట్లా తగ్గుతూ తగ్గుతూ అడుగున, నాలుగే నాలుగుసార్లు వచ్చిన వరుస ఒకటి ఉన్నది. డిస్కులో ఒకానొక చోట రాసినదాన్ని తిరిగి చదవలేకపోతున్నానని సర్వరు చెబుతున్నది. ఇది మతి తప్పిన ప్రోగ్రాము మాట కాదు, యంత్రానికి గుండెకాయ లాంటి భాగం చెప్పిన మాట. డిస్కు చెడిపోవటం మొదలైంది! ఆ రోజే పిల్లల ప్రాజెక్టులన్నిటినీ మరో డిస్కులోకి నకలు తీశాము. నెల తిరగకుండానే పాత డిస్కు పూర్తిగా మూగబోయింది.

నోరు నొక్కేసి ఉంటే ఆ నాలుగు మాటలూ మనదాకా వచ్చేవి కావు. నోరు నొక్కకుండా వదిలేసినా వచ్చేవి కావు, లక్షల కింద పూడిపోయి ఉండేవి.

"నాన్నా, పులి" కథ మీరందరూ చిన్నప్పుడే విన్నారు. ఆ పిల్లవాడు అబద్ధాలాడాడు, అందుకే పులి నిజంగా వచ్చినప్పుడు ఎవరూ రాలేదు. యంత్రం అబద్ధమాడదు. తెర లేదన్నది నిజం, ఆ మాట లక్షసార్లు అన్నా ప్రతిసారీ నిజమే. కానీ అన్ని నిజాలు ఒక్కచోట కుప్పపోస్తే ఆ కుప్ప మనకు చెప్పేది అబద్ధం: "ఇందులో చూడదగ్గది ఏమీ లేదు" అని. కథలో పిల్లవాణ్ణి తిట్టవచ్చు. ఇక్కడ ఎవర్ని తిడతాం?

ఈ సంగతిని లెక్కల్లోకి తెచ్చినవాడు క్లాడ్ షానన్ అనే అమెరికా శాస్త్రవేత్త. 1948లో ఆయన ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, ఒక సందేశంలో ఉన్న సమాచారం ఆ సందేశం ఎంత పొడుగున్నదన్న దానిమీద ఆధారపడదు. అది ఎంత అరుదైనదన్న దానిమీద ఆధారపడుతుంది. "రేపు సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు" అని మీకు ఎవరైనా ఫోను చేసి చెబితే మీకు తెలిసిన కొత్త సంగతి సున్నా. "మే నెలలో రాజంపేటలో ఎండ" అంటే ఇంచుమించు సున్నా. "మే నెలలో రాజంపేటలో వడగళ్ళు" అంటే చెవి నిక్కబొడుస్తారు. రెండూ చిన్న వాక్యాలే. లక్షోసారి వచ్చిన "తెర లేదు"లో సమాచారం లేనట్టే. నాలుగుసార్లు వచ్చిన డిస్కు మాటలో సమాచారం దండిగా ఉన్నది. కాబట్టి ఎక్కువసార్లు అరిచిన దాన్ని ముందు చూడాలన్న మన సహజమైన అలవాటు ఇక్కడ తలకిందులవుతుంది. పైనుంచి చదివితే రొద చేసేది ఎవరో తెలుస్తుంది. కిందినుంచి చదివితే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది.

ఇదేదో బడిలో జరిగిన చిన్న ముచ్చట అనుకోకండి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో త్రీమైల్ ఐలండ్ అనే చోట అణువిద్యుత్ కేంద్రం ఒకటి ఉన్నది. 1979 మార్చి 28న, తెల్లవారకముందే, అక్కడ రెండో రియాక్టరులో నీటి ప్రవాహానికి అడ్డంకి వచ్చింది. మూసుకోవలసిన ఒక కవాటం తెరుచుకునే ఉండిపోయింది, రియాక్టరును చల్లబరచవలసిన నీరు దానిగుండా బయటకు పోసాగింది. లోపల ఉన్న మనుషులకు ఇది తెలియలేదు. ఎందుకు తెలియలేదు? హెచ్చరికలు రాకనా? మొదటి కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా హెచ్చరికలు మోగాయి, దీపాలు వెలిగాయి. ఏది ముఖ్యమో ఏది కాదో చెప్పే ఏర్పాటు లేదు. హెచ్చరికలన్నిటినీ వరుసగా కాగితం మీద అచ్చువేసే యంత్రం ఒకటి ఉండేది. అది మన సర్వరు దినచర్యకు పెద్దన్న లాంటిది. రాయవలసినవి ఎక్కువై ఆ యంత్రం వెనకబడింది. ఒక దశలో అది అచ్చువేస్తున్నది రెండున్నర గంటల కిందటి సంగతులు! ఒకసారి కాగితం ఇరుక్కుని కొంత సమాచారం పూర్తిగా పోయింది. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు మొన్నటి ఉత్తరం చేతికిచ్చినట్టు. రియాక్టరు లోపలి ఇంధనంలో చాలా భాగం కరిగిపోయింది. తరువాత అమెరికా అధ్యక్షుడు నియమించిన సంఘం ఈ హెచ్చరికల గందరగోళాన్ని తన నివేదికలో రాసింది.

పదిహేనేళ్ళ తరువాత, 1994 జూలై 24న, వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్‌లో ఒక చమురు శుద్ధి కర్మాగారం పేలింది. పేలటానికి ముందు పదకొండు నిమిషాల్లో ఇద్దరు ఉద్యోగుల ముందు మోగిన హెచ్చరికలు 275. అంటే రెండున్నర సెకన్లకు ఒకటి. మీరు మీ గడియారం పట్టుకుని రెండున్నర సెకన్లకు ఒకసారి బల్ల మీద తట్టి చూడండి, మధ్యలో ఏదైనా ఆలోచించగలరేమో.

మరి ఏం చేయాలి? ఇది నేను కనిపెట్టి చెప్పేది కాదు, ఉపాయాలు చాలాకాలంగా ఉన్నవే. 1980లలో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన ఉత్తరాలు చేరవేసే తన ప్రోగ్రాము కోసం "సిస్‌లాగ్" అనే పద్ధతి తయారుచేశాడు. అందులో ప్రతి మాటకూ సున్నా నుంచి ఏడు వరకు ఒక అంకె ఉంటుంది. సున్నా అంటే యంత్రం ఇక పనికిరాదని కేక. మూడు అంటే పొరపాటు జరిగిందని. నాలుగు అంటే జరగవచ్చునని హెచ్చరిక. ఏడు అంటే ప్రోగ్రాము రాసినవాడి సౌకర్యం కోసం యంత్రం తనలో తాను గొణుక్కునే మాట. ఆ గొణుగుడు మామూలు రోజుల్లో మానిపించవచ్చు, నాకు అభ్యంతరం లేదు. ఒకే మాట వరుసగా వస్తే మళ్ళీ మళ్ళీ రాయకుండా "పై మాట ఇన్నిసార్లు వచ్చింది" అని ఒక్క వరుసలో తేల్చమని గుమాస్తాకు చెప్పవచ్చు. (మా సర్వరులో ఈ ఏర్పాటు ఎవరో ఆపి ఉంచారు.) పాత పుస్తకాలను వారానికొకసారి మడిచి అటకెక్కించి, మరీ పాతవాటిని పారేయమని చెప్పవచ్చు. దినచర్యకు డిస్కులో వేరే గది ఇవ్వవచ్చు. అప్పుడది నిండినా పిల్లల గది నిండదు. అయితే ఇవన్నీ నొప్పికి కట్టు కట్టటమే. అసలు మందు, తెర పోయిన ప్రోగ్రామును కొద్దిసేపట్లో సర్వరే ఆపేసేట్టు చేయటం, కరెంటు పోతే చిన్న పెట్టెలు కూడా కొద్ది నిమిషాలు నిలబడేట్టు బ్యాటరీ సమకూర్చటం, గంట కొట్టినా సరే బయటకు వచ్చే మీట నొక్కి మరీ లేవటం.

"మూడు, అంతకు తక్కువ అంకె ఉన్నవి తప్ప ఏవీ రాయవద్దంటే సరి" అని వాదించేవారూ ఉన్నారు. చూడటానికి బాగుంటుంది. కానీ పొరపాటు జరిగినప్పుడు, దానికి ముందు ఏం జరిగిందో తెలియాలంటే నాలుగు, అయిదు అంకెల మాటలే కావాలి. కరెంటు ఎన్నింటికి పోయింది, ఏ తెర ఎప్పుడు ఆరింది అన్నవి పొరపాట్లు కావు, మామూలు సంగతులు. అవి లేకపోతే ఆ శనివారం ఏం జరిగిందో మేము ఎప్పటికీ తేల్చుకునేవాళ్ళం కాదు. కాబట్టి పుస్తకంలో కోయవలసింది పునరుక్తి. సంగతులను కాదు.

ఇక మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళను నీరు ముంచింది. మీలో కొందరి ఇళ్ళల్లో దాన్ని గురించి నేను చెప్పనక్కరలేదు. ఆ కట్ట ఎందుకు తెగింది, ఎవరు ఏం చేసి ఉండాలి అన్నది పెద్ద విషయం, ఇక్కడ దానిలోకి పోను. నేను చెప్పేది ఆ తరువాతి సంగతి. నవంబరులో మబ్బు పట్టిందంటే చాలు, మన ఫోన్లలో సందేశాలు కురుస్తాయి. పిడుగులు పడతాయని విపత్తుల సంస్థ పంపేది ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ముప్పై నలభై వేరేవి ఉంటాయి. ఎక్కడో వేరే రాష్ట్రంలో తీసిన వరద బొమ్మ, ఎప్పటిదో పాత వార్త, "గేట్లు తెరిచారంట" అని ఎవరో అంటే విని మరెవరో పంపింది, అదే మళ్ళీ అత్తగారి ఊరి నుంచి, అదే మళ్ళీ పాత స్నేహితుల గుంపు నుంచి. వీటిలో కొన్ని అబద్ధాలు, కొన్ని నిజాలే. నిజాలు కూడా పదిసార్లు వస్తాయి. మా వీధిలో ఒక పెద్దావిడ, "దీని గోల భరించలేకుండా ఉన్నా నాయనా" అని, వాన వచ్చినప్పుడల్లా ఫోను ఆపి పెట్టెలో పెడుతున్నది. చెయ్యేటి ఒడ్డున పుట్టిన మనిషి, నీటికి భయపడని మనిషి కాదు. మెకానిక్కు సర్వరుకు చేయబోయిందే ఆమె తన ఫోనుకు చేసింది. ఆమెను నేనేమీ అనలేను. అనవలసింది ఏదైనా ఉంటే ఆ నలభై పంపినవాళ్ళను.

2023లో కేంద్రప్రభుత్వం వాళ్ళు ఒక ప్రాంతంలోని ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో మోగేట్టు పరీక్షా సందేశాలు పంపారు, గుర్తుందా? చాలామంది బెదిరిపోయారు, కొందరు విసుక్కున్నారు. సిస్‌లాగ్ అంకెల్లో అది సున్నాకో ఒకటికో చెందిన కేక. దాన్ని ఎంత అరుదుగా వాడితే అంత విలువ ఉంటుంది. ప్రతి చినుకుకూ మోగించటం మొదలుపెడితే దానికీ పెట్టెలో చోటు దొరుకుతుంది.

ఆ పాఠశాల కంప్యూటరు గదిలో ఇప్పుడు శనివారం చివరి పీరియడులో పిల్లలు దినచర్యను చెరుగుతారు. వంతులవారీగా ఇద్దరిద్దరు. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో ఒక మామూలు నోటుపుస్తకంలో చేత్తో రాస్తారు, పైనుంచి మూడు, కిందినుంచి అయిదు. చేత్తోనే రాయాలని నేను పట్టుబట్టాను. చేయి నొప్పిపుడితేనే ఏది రాయాలో ఆలోచిస్తారని నా నమ్మకం. ఈమధ్య ఒక వారం పేజీలో పైన తలుపు దగ్గరి తెర పేరు ఉన్నది, తీగ వదులై నెట్‌వర్కు పోతూ వస్తూ ఉన్నదట, 212 సార్లు. తీగ బిగించారు. కింద, ఒకే ఒక్కసారి వచ్చిన వరుస ఒకటి ఉన్నది. దాని అర్థం వాళ్ళకూ తెలియలేదు, నాకూ వెంటనే తట్టలేదు. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి, వచ్చే శనివారం వంతు వచ్చే పిల్లల పేర్లు రాసి ఉంచారు.